పొట్ట చిన్నదైంది సరే, మాత్రలెందుకు ఆపారు?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, ఎత్తు 158 సెంటీమీటర్లు. ఐదు నెలల కిందట చెన్నైలో, బరువు తగ్గడానికి పొట్టను చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను. అప్పుడు 112 కిలోలు, ఇప్పుడు 88. నెల రోజులుగా బరువు అక్కడే ఆగిపోయింది. జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతోంది. గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుందని మా అత్త అంటోంది. మధ్యాహ్నం సంగటి తింటే రొమ్ములో అడ్డం పడినట్టయి వాంతి అయిపోతోంది, వారంలో నాలుగైదు సార్లు. ఆపరేషన్ బాగా జరిగితే అలిపిరి మెట్లెక్కి వస్తానని మొక్కుకున్నాను, ఎప్పుడు ఎక్కొచ్చు? రెండో కాన్పు ఎప్పుడని కూడా ఇంట్లో అడుగుతున్నారు. ఆపరేషన్ తర్వాత రాసిచ్చిన విటమిన్, ఐరన్ మాత్రలు వేడి చేస్తున్నాయని రెండు నెలలుగా ఆపేశాను. ఈమధ్య అరికాళ్లు మొద్దుబారినట్టు, తిమ్మిరెక్కినట్టు ఉంటున్నాయి.
– ఒక సోదరి, తిరుపతి

జవాబు: మీరు చిట్టచివర రెండు ముక్కల్లో రాసి వదిలేసిన సంగతితోనే మొదలుపెట్టాలమ్మా. బరువు, జుట్టు, మొక్కు ఓ నెల ఆగినా కొంప మునగదు. కానీ వాంతులు, మాత్రలు లేకపోవడం, అరికాళ్ల తిమ్మిరి, ఈ మూడూ ఒకచోట కలిశాయంటే ఆగకూడదు. ఇది చదివిన రోజే, కుదరకపోతే మర్నాడు పొద్దున్నే, డాక్టరుకు చూపించుకోండి.

కాళ్ల తిమ్మిరి అనగానే చాలామంది నరాల బలహీనత అనుకుని మందుల షాపులో ఏదో ఒక క్యాప్సూల్ తెచ్చుకుంటారు. మీ విషయంలో ముందు అనుమానించాల్సింది థయమిన్ లోటును. బి1 విటమిన్ అన్నా అదే. ఒంట్లో దీని నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. తిండి తగ్గింది, తిన్నదాంట్లో కొంత వాంతిలో పోతోంది, పైనుంచి మాత్రా లేదు. అలాంటప్పుడు ఆ నిల్వ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. మొదట పాదాలు మొద్దుబారతాయి. తర్వాత కాళ్లలో పట్టు తగ్గుతుంది, కూర్చుని లేవాలంటే చెయ్యి ఆనించాల్సి వస్తుంది. ఇంకా ముదిరితే ఒక మనిషి ఇద్దరుగా కనబడటం, కనుగుడ్లు అదురుతున్నట్టు కదలడం, నడకలో తూలడం, మాటల్లో పొంతన లేకపోవడం. అది మెదడు దాకా వెళ్లిన దశ. వెంటనే పట్టుకుంటే చాలావరకు నయమవుతుంది. ఆలస్యం చేస్తే కొంత నష్టం జీవితాంతం మిగిలిపోతుంది. వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఓపీ చీటీ కోసం నిలబడకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. స్విమ్స్, రుయా ఆసుపత్రులు రెండూ ఊళ్లోనే ఉన్నాయి. ఆపరేషన్ చేసిన చోటికే పోవాలని చెన్నై బస్సెక్కి మూడు నాలుగు గంటలు పోగొట్టుకోకండి. అక్కడి సర్జన్‌కు దారిలోంచి ఫోను చేసి చెప్తే చాలు.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది, ఇది మీ ఇంట్లోవాళ్లకూ తెలిసి ఉండాలి. వాంతులు, నీరసం అని వెళ్తే చాలా చోట్ల ముందు జరిగే పని ఓ సీసా ఎక్కించడం. ఆ సీసాలో గ్లూకోజ్ ఉంటే చిక్కే. గ్లూకోజ్‌ను వాడుకోవడానికి ఒంటికి థయమిన్ కావాలి. అడుగున మిగిలిన కాస్త థయమిన్‌నూ ఆ గ్లూకోజే లాగేసుకుంటుంది, అంతవరకు తిమ్మిరితో ఉన్న మనిషి కాస్తా తూలడం మొదలుపెడుతుంది. అందుకని ఓ కాగితం మీద ఇలా రాసుకుని వెళ్లండి: ‘ఐదు నెలల కిందట స్లీవ్ ఆపరేషన్ అయింది. వారానికి నాలుగైదు వాంతులు. రెండు నెలలుగా విటమిన్లు లేవు. అరికాళ్లు తిమ్మిరి. గ్లూకోజ్ ఎక్కించేముందు థయమిన్ ఇంజెక్షన్ ఇవ్వగలరా?’ డాక్టరుకు ఇది చెప్పడం పెద్దరికం చేయడం కాదు. మీకు ఏ ఆపరేషన్ అయిందో మీరు చెప్తేనే ఆయనకు తెలుస్తుంది. ఈ అనుమానం ఉన్నప్పుడు రక్తపరీక్ష రిపోర్టు వచ్చేదాకా ఆగరు. ముందు ఇంజెక్షన్ ఇస్తారు, పరీక్షలు ఆ వెనక వస్తాయి. వాంతులు అవుతుంటే మాత్ర నిలవదు కాబట్టి తొలి రోజుల్లో నరానికే ఇవ్వడం మేలు.

తిమ్మిరికి రెండో అనుమానం బి12. బి12ను పేగు పీల్చుకోవడానికి సాయపడే పదార్థం ఎక్కువగా తయారయ్యేది తీసేసిన పొట్ట భాగంలోనే. మామూలుగా బి12 నిల్వ ఏళ్ల తరబడి సరిపోతుంది గనుక ఐదు నెలలకే తరిగిపోవడం తక్కువ. కానీ ముందునుంచీ శాకాహారులైనా, షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడి ఉన్నా ఆ నిల్వ ఆపరేషన్ నాటికే అడుగంటి ఉండొచ్చు. రక్తం తీసేటప్పుడు దాన్నీ చూపించండి.

ఇప్పుడు సంగటి దగ్గరికి వద్దాం. ఆపరేషన్‌లో పొట్టలో నాలుగింట మూడొంతులకు పైగానే తీసేసి అరటికాయలాంటి సన్నటి గొట్టం మిగులుస్తారు. అందులో పట్టేది 100 నుంచి 150 మిల్లీలీటర్లు. ఈ గొట్టం ముందటి సంచిలా సాగదు, దేన్నయినా పట్టి చిలకదు. మరి సంగటిని మనం నమలం కదా. వేడి వేడి ముద్ద తుంచి, పప్పులోనో ఊరిబిండిలోనో అద్ది, గొంతులోకి జార్చేస్తాం. చిన్నప్పుడే అబ్బిన అలవాటు, నోట్లో పెట్టుకోగానే నాలుక దానంతట అదే లోపలికి తోసేస్తుంది. జిగురుగా ఉన్న ఆ ముద్ద గొట్టం మొదట్లోనే కూర్చుంటుంది. వెనకనే ఇంకో ముద్ద. రొమ్ములో అడ్డం పడ్డట్టున్నది అదే. దిగడానికని మీరు నీళ్లు తాగి ఉంటారు. నీళ్లు దాన్ని కిందికి దింపవు, మీదికి తేలుస్తాయి. నోట్లో ఉమ్ము ఊరి, జిగటగా నురుగు కక్కి, ముద్ద ముద్దగానే బయటికొస్తుంది. అరిగిన వాసన లేకుండా ముద్ద అలాగే వస్తోందంటే తిన్న తీరులో తప్పుందని అర్థం.

రెండు వారాలు సంగటి, చపాతీ, ఇడ్లీ, బ్రెడ్డు, నాటుకోడి లాంటి గట్టి మాంసం పక్కన పెట్టండి. మెత్తటి, జారుడుగా ఉండే తిండికి వెనక్కి వెళ్లండి: పల్చటి రాగిజావలో మజ్జిగ, పలుచగా మెదిపిన పెసరపప్పు, ఆమ్లెట్ కాకుండా నీళ్లలో ఉడికించిన మెత్తటి గుడ్డు, పెరుగు, ఆవిరిమీద ఉడికిన చేప. వాంతులు పూర్తిగా ఆగాక సంగటి మళ్లీ తినొచ్చు, కానీ వేరే పద్ధతిలో. సంగటి జారుగా కెలకమనండి. శనగగింజంత తుంచి నోట్లో పెట్టి, పప్పు కలిసి పల్చబడేదాకా 20, 25 సార్లు నమలండి. స్పూనుతో తింటే ఇది సులువు, చేత్తో తుంచితే ముద్ద తెలియకుండానే పెద్దదవుతుంది. ఒక పూట తిండికి 20 నుంచి 30 నిమిషాలు పట్టాలి. తినేముందు అరగంట, తిన్నాక అరగంట నీళ్లు ముట్టకండి, తింటున్నప్పుడు అసలే వద్దు. కడుపు నిండిన కబురు కొందరికి ఎక్కిళ్లుగా, కొందరికి ముక్కు కారడంగా, ఎడమ భుజం దగ్గర నొక్కినట్టుగా తెలుస్తుంది. ఆ గుర్తు కనబడ్డాక ఒక్క ముద్ద ఎక్కువైనా వాంతే. పళ్లెంలో మిగిలింది పారేయడం పాపమనుకుంటే ముందే తక్కువ పెట్టుకోండి.

ఇన్ని చేసినా వాంతులు తగ్గకపోతే, నీళ్లు, మజ్జిగ కూడా నిలవకపోతే అది తినే తీరులో తప్పు కాదు. గొట్టం మధ్యలో ఇరుకు ఏర్పడటమో, మెలిక తిరగడమో జరిగి ఉండొచ్చు. ఎండోస్కోపీలోనో, మందు తాగించి తీసే ఎక్స్‌రేలోనో అది తెలుస్తుంది. ఇరుకును చాలాసార్లు బెలూన్‌తో వెడల్పు చేయొచ్చు. రాత్రిళ్లు పడుకున్నాక పుల్లటి నీళ్లు గొంతులోకి వస్తున్నా, గుండెల్లో మంటగా ఉన్నా దాన్నీ డాక్టరుకు చెప్పండి. స్లీవ్ అయినవాళ్లలో అది తరచుగా చూసేదే, దానికి వేరే మందుంది.

ఇక మాత్రలు. ‘వేడి చేస్తాయి’ అన్నది ఎక్కువగా ఐరన్ మాత్ర గురించే అయ్యుంటుంది. మలబద్ధకం, నల్లటి విరేచనం, కడుపులో తిప్పడం దాని గుణాలే. నల్లరంగు మాత్రం మాత్రదే, భయపడనక్కర్లేదు. అలాగని అన్నీ ఒకేసారి మానేస్తే ఒంటికి గట్టి దెబ్బే తగులుతుంది. ఒక రకం పడకపోతే రకం మార్చమని అడగండి. నోటితో ఏ రకమూ పడకపోతే నరానికి ఎక్కించే ఐరన్ ఉంది. ఈ మాత్రలు ఆరునెలలకో ఏడాదికో ముగిసేవి కావు, బతికినన్నాళ్లూ ఉంటాయి. ఆపరేషన్‌కు ముందే ఎవరైనా ఈ ముక్క గట్టిగా చెప్పి ఉంటే మీరు ఆపేవారు కాదేమో.

వేసుకోవాల్సినవి ఇవి. ఐరన్ రోజుకు 45 నుంచి 60 మిల్లీగ్రాములు, నెలసరి వచ్చే ఆడవాళ్లకు ఇంత కావాలి. కాల్షియం రోజంతా కలిపి, తిండిలో వచ్చేది కూడా లెక్కేసి, 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు. ఒక్కసారికి 500కు మించి ఒళ్లు పీల్చుకోదు గనుక రెండు మూడు సార్లుగా. విటమిన్ డి రోజుకు 3000 యూనిట్లు, రక్తపరీక్షలో దాని అంకె 30 (మిల్లీలీటరుకు నానోగ్రాములు) దాటేదాకా. బి12 రోజుకు 350 నుంచి 1000 మైక్రోగ్రాముల మాత్ర, లేదంటే నెలకో 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్. వీటి మీద జింకు, రాగి, థయమిన్, ఫోలిక్ యాసిడ్ అన్నీ ఉన్న మల్టీవిటమిన్ ఒకటి. ఎర్ర క్యాప్సూల్ బికాంప్లెక్స్ మల్టీవిటమిన్ కాదు. అందులో ఐరన్, జింకు, డి ఉండవు. ‘రోజూ విటమిన్ మాత్ర వేసుకుంటున్నా’ అని చెప్పేవాళ్లు వేసుకునేది చాలాసార్లు ఇదే.

కాల్షియంలో సిట్రేట్ అడిగి తీసుకోండి. మందుల షాపుల్లో ఎక్కువగా ఇచ్చేది కార్బొనేట్. అది కరగాలంటే పొట్టలో ఆమ్లం కావాలి, మీకిప్పుడు అది తక్కువ. అట్టమీద పెద్దక్షరాల్లో ఉన్న అంకె చూసి మోసపోకండి. కాల్షియం సిట్రేట్ 1000 మిల్లీగ్రాములంటే అందులో అసలు కాల్షియం 210 మిల్లీగ్రాములే. వెనక చిన్నక్షరాల్లో ‘ఎలిమెంటల్’ అని రాసి ఉన్న అంకెనే లెక్కలోకి తీసుకోండి. ఐరన్‌కీ కాల్షియంకీ పడదు, రెండింటి మధ్య కనీసం రెండు గంటలుండాలి. కాఫీ, టీలతోనూ ఐరన్ వేసుకోకూడదు. పొద్దున లేవగానే ఐరన్ నిమ్మనీళ్లతో, గంట తర్వాత కాఫీ, మధ్యాహ్నం భోజనమయ్యాక కాల్షియం, సాయంత్రం ఇంకోటి, రాత్రి మల్టీవిటమిన్. ఈ వరస చాలామందికి కుదురుతుంది. మల్టీవిటమిన్‌లోనూ ఐరన్ ఉంటే దాన్నీ కాల్షియంకు దూరంగానే ఉంచాలి. విటమిన్ డి 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్టు రాసిస్తే అది వారానికొకటి. రోజుకొకటని పొరబడి వేసుకుని కాల్షియం పెరిగి ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు.

మీరు ఆపేసిన వాటిలో పిత్తాశయంలో రాళ్లు రాకుండా ఇచ్చే ఉర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ మాత్ర ఉందేమో చూసుకోండి. బరువు వేగంగా తగ్గేటప్పుడు రాళ్లు పడతాయి గనుక చాలామంది సర్జన్లు ఆరు నెలలు, రోజుకు రెండుసార్లు 300 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తారు. తిన్న తర్వాత కుడిపక్క పక్కటెముకల కింద నొప్పొచ్చి వీపులోకి పాకితే గ్యాసని సోడా తాగి ఊరుకోకుండా స్కాన్ తీయించుకోండి. తలనొప్పికీ, మోకాళ్ల నొప్పికీ డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటివి షాపులో అడిగి వేసుకోవద్దు, పొట్టలో పుండ్లు పడతాయి. పారాసిటమాల్ చాలు. బైపాస్ (గుండెది కాదు, బరువు తగ్గడానికి పొట్టకు చేసే ఇంకో ఆపరేషన్) అయినవాళ్లకు ఈ నిషేధం ఇంకా గట్టిది, వాళ్లకు పొగ కూడా అంతే చేటు.

తిండిలో చూడాల్సింది మాంసకృత్తులు, రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా. చిన్న పొట్టతో అంత ఎలా సాధ్యమంటారేమో. వరస ఇలా పెట్టుకుంటే వస్తుంది. పొద్దున 150 మిల్లీలీటర్ల పాలలో రెండు పెద్ద స్పూన్లు వెన్న తీసిన పాలపొడి కలిపితే 10 గ్రాములు. టిఫినుకు ఒక గుడ్డు, ఇంకో గుడ్డు తెల్లసొన, మరో 9, 10. పదకొండింటికి వే ప్రోటీన్ (పాలవిరుగుడు నుంచి తీసిన మాంసకృత్తుల పొడి) అర స్కూపు నీళ్లలో కలుపుకుంటే 11 గ్రాముల దాకా. మధ్యాహ్నం ఎముకలు తీసిన మెత్తటి కోడిమాంసం 50, 60 గ్రాములు, మూడు స్పూన్ల గట్టిపప్పు, 16 గ్రాముల దాకా. సాయంత్రం 40 గ్రాముల పన్నీరుకు 7. రాత్రికి మీల్ మేకర్ పొడిగా తూచి 15 గ్రాములు, నానబెట్టి పిండి, ఖీమాలా నలిపి వండితే 7, పక్కన వంద గ్రాముల పెరుగుకు 3. మొత్తం 60 దాటింది కదా. మాంసం మానిన రోజు పన్నీరు, మీల్ మేకర్, ఉడికించి మెదిపిన అలసందలు పెంచుకోండి. ఈ రెండు వారాలు మాత్రం కోడిమాంసం, పన్నీరు, మీల్ మేకర్ బదులు చేప, గుడ్డు, వే ప్రోటీన్ పెంచుకోండి. పళ్లెంలో మొదట తినాల్సింది మాంసకృత్తులు, తర్వాత కూర, చోటు మిగిలితే రెండు స్పూన్ల అన్నమో సంగటో. రాగుల్లో కాల్షియం బాగా ఉంటుందన్నది నిజమే, వంద గ్రాములకు 350 మిల్లీగ్రాముల దాకా. కానీ మీరు తినే రెండు స్పూన్లలో వచ్చేది ఎంత? కాల్షియం మాత్రకు రాగిజావ బదులు కాదు.

తీపి సంగతి తిరుపతిలో ఉంటూ తప్పించుకోలేరు. ఇంటికొచ్చే ప్రతి చుట్టమూ లడ్డు తెస్తారు. శ్రీవారి లడ్డు ఒక్కోటి దాదాపు 175 గ్రాములు, అందులో ముఖ్యభాగం చక్కెరా నెయ్యీ. ఖాళీ పొట్టతో పావు లడ్డు తింటే చక్కెర ఒక్కసారిగా పేగులోకి దిగి పది, ముప్పై నిమిషాల్లో గుండె దడ, చెమట, కడుపులో మెలిపెట్టడం, విరేచనం రావొచ్చు. దీన్ని డంపింగ్ అంటారు. బైపాస్ వాళ్లలో ఎక్కువ, స్లీవ్ వాళ్లలోనూ లేకపోలేదు. ఇంకో రకం ఒకటి రెండు గంటలు ఆగి వస్తుంది: చక్కెర పడిపోయి చేతులు వణుకుతాయి, కళ్లు తిరుగుతాయి. ప్రసాదం కళ్లకద్దుకుని, భోజనం చివర బఠాణీగింజంత నోట్లో వేసుకోండి, మిగతాది ఇంట్లో పిల్లలకు. మామిడిపండ్ల కాలంలో రసం తీసి తాగడం లడ్డు కన్నా ఘోరం, ముక్క కోసి నమిలితే కొంత నయం.

నీళ్లు రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు. గడగడా తాగే రోజులు పోయాయి గనుక గంటకు 100, 120 మిల్లీలీటర్ల లెక్కన రోజంతా చప్పరిస్తూ ఉండాల్సిందే. ఏప్రిల్, మే ఎండల్లో ఇది ఇంకా పెరగాలి. మూత్రం ముదురు పసుపుగా ఉన్నా, లేచి నిలబడితే కళ్లు తిరిగినా నీళ్లు చాలలేదనే. పల్చటి ఉప్పు మజ్జిగ మంచిది. సోడా, కూల్‌డ్రింకులు గ్యాసుతో గొట్టాన్ని ఉబ్బిస్తాయి, వద్దు.

బరువు గురించి మీరు దిగులుపడాల్సిందేమీ లేదు. లెక్క చూడండి. మీ ఎత్తుకు 62 కిలోల దాకా మామూలు బరువనుకుంటే ఆపరేషన్ నాడు మీకు అదనంగా ఉన్నది 50 కిలోలు. అందులో 24 పోయాయి. ఐదు నెలల్లో దాదాపు సగం అంటే బాగా తగ్గినట్టే. మధ్యలో మూడు నాలుగు వారాలు ఆగి మళ్లీ దిగడం అందరికీ జరుగుతుంది. ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య అతి తక్కువ బరువుకు చేరతారు, ఆ తర్వాత కాస్త పెరగడం కూడా సహజమే. రోజూ మిషనెక్కడం మానేసి వారానికోసారి, ఒకే రోజు, ఒకే వేళకు చూసుకోండి. ఆగిపోయిన నెలలో ఏం తింటున్నారో మాత్రం నిజాయితీగా రాసుకోండి. సంగటి వాంతవుతుంటే మనిషి తెలియకుండానే సులువుగా దిగేవాటి వైపు మళ్లుతుంది: కాఫీలో ముంచిన బిస్కెట్లు, మురుకులు, బొరుగుల మిక్చరు, ఐస్‌క్రీము. ఇవి నోట్లోనే కరిగి గొట్టంలోంచి జారిపోతాయి, కడుపు నిండిన కబురే చేరదు, ఎన్నయినా పడతాయి. పొట్ట చిన్నదైనా బరువు ఆగేది, తర్వాత పెరిగేది ఎక్కువగా ఈ దారిలోనే. నడకతో పాటు వారంలో రెండు మూడు రోజులు కండకు పని చెప్పే కసరత్తు, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, రబ్బరు బ్యాండు లాగడం వంటివి, చేయకపోతే పోయే కిలోల్లో కండ కూడా పోతుంది. కాళ్ల తిమ్మిరి తగ్గాకే ఇవి మొదలుపెట్టండి.

జుట్టు. పెద్ద ఆపరేషన్, వేగంగా బరువు తగ్గడం, ఈ రెండు దెబ్బలకూ చాలా వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతిలోకి పోతాయి. అలా పోయినవి మూడు నాలుగు నెలలకు రాలతాయి. బాలింతలకు రాలేదీ ఇదే తీరు. కుదురు చావదు గనుక తిరిగి మొలుస్తుంది, మామూలుగా తొమ్మిది నెలల నుంచి ఏడాది లోపు. మాంసకృత్తులు, ఐరన్, జింకు చాలకపోతే మాత్రం రాలడం సాగుతుంది, మీ మాత్రల కథ ఇక్కడికీ వస్తుంది. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష), థైరాయిడ్ చూపించుకోండి. బయోటిన్ మాత్రలకు డబ్బు పోయకండి. ఈ రాలడానికి అది పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు, పైగా థైరాయిడ్ రిపోర్టు తప్పుగా వచ్చేలా చేస్తుంది. గుండు వల్ల కుదురుకు ఏ మార్పూ ఉండదు. కత్తిరించిన మొన మొద్దుగా ఉండి ఒత్తుగా కనిపిస్తుంది, అంతే. తలనీలాలు మొక్కుకుని ఉంటే సంతోషంగా ఇచ్చుకోండి. వైద్యమని మాత్రం ఇవ్వకండి.

మెట్ల మొక్కుకు ఇప్పుడే తేదీ పెట్టుకోవద్దు. స్వామికి తొందరేమీ లేదు. అలిపిరి దారిలో 3550 మెట్లు. గాలిగోపురం దాకా ఉన్న తొలి భాగం నిటారుగా ఉంటుంది, మధ్యలో చదును దారి, మళ్లీ చివర్లో మోకాళ్ల మెట్టు. థయమిన్ లోటున్న కాళ్లతో ఆ మెట్ల మీద పట్టు తప్పితే పడటమే. తిమ్మిరి పూర్తిగా పోయి, నెల రోజులు ఒక్క వాంతి కూడా లేకుండా, హిమోగ్లోబిన్ 11 దాటి, చదునున గంటసేపు ఆయాసం లేకుండా నడవగలిగితే అప్పుడు అనుకోండి. ముందు రెండు నెలలు ఇంట్లోనో అపార్ట్‌మెంట్‌లోనో మెట్లెక్కుతూ వారం వారం పెంచుకోండి. శ్రీవారి మెట్టు దారిలో 2388 మెట్లే గనుక దూరం తక్కువ, కానీ ఏటవాలు ఎక్కువ. సులువని అనుకోవద్దు. ఎక్కే రోజు చిన్న సీసాలో నీళ్లు, ఉప్పు మజ్జిగ, ఉడికిన గుడ్డో పన్నీరు ముక్కలో సంచిలో ఉండాలి. దారి పొడవునా దొరికే నిమ్మసోడా, చక్కెర నీళ్లు జోలికి పోవద్దు. దిగడం మోకాళ్లకు ఎక్కడం కన్నా కష్టం, బస్సులో దిగండి.

రెండో కాన్పుకు ఆపరేషన్ అయిన నాటి నుంచి 12 నుంచి 18 నెలలు ఆగాలి. బరువు వేగంగా తగ్గే కాలంలో గర్భం వస్తే తల్లికీ బిడ్డకూ పోషణ చాలదు. అత్తగారికి ‘వద్దని కాదు, ఇంకో ఏడాది ఆగి చూద్దామన్నారు డాక్టరు’ అని చెప్పండి, అది అబద్ధం కాదు. ఈలోగా అజాగ్రత్త పనికిరాదు. బరువు తగ్గేసరికి సరిగా రాని నెలసరి సర్దుకుని, పీసీఓడీ ఉన్నవాళ్లలో కూడా గర్భం నిలిచే అవకాశం ఒక్కసారిగా పెరుగుతుంది. వాంతులవుతుంటే గర్భనిరోధక మాత్రలు నమ్మకం కాదు. కాపర్‌టీ లాంటివి నయం. ప్రయత్నించే ముందు ఫెరిటిన్, బి12, విటమిన్ డి, ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్), ఆల్బుమిన్ (రక్తంలోని మాంసకృత్తు) చూపించి, తక్కువున్నవి పూడ్చుకోండి. నిజానికి ఈ పరీక్షలు మీకు మూడో నెలలో జరగాల్సినవి. ఇప్పుడోసారి, ఆపరేషన్‌కు ఏడాది నిండాక ఇంకోసారి, ఆపైన ఏటా చేయించుకోవాలి. గర్భం వచ్చాక 24 నుంచి 28 వారాల మధ్య షుగరు పరీక్షకని 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగమంటారు. మీకు స్లీవ్ అయిన సంగతి చెప్పి అది వద్దనండి. తాగితే డంపింగ్ రావొచ్చు, రిపోర్టూ నమ్మలేం. దాని బదులు వారం రోజులు ఇంట్లోనే గ్లూకోమీటర్‌తో పరగడుపున, తిన్న తర్వాత చూసి రాసుకుంటే సరిపోతుంది.